వంత పలికే ఊరు

హన్మాజీపేట అనగానే పుస్తకాలు చదివేవాళ్లకు సి. నారాయణరెడ్డి (సినారె) గుర్తుకొస్తారు. 1931 జులై 29న ఆయన పుట్టిన ఊరు ఇదే. 'విశ్వంభర', జ్ఞానపీఠం, 'గులేబకావళి కథ'తో మొదలైన సినిమా పాటలు అందరికీ తెలిసిన సంగతులే. కానీ వేములవాడలో దిగి, రాజన్న గుడి ముందర కోడెను పట్టుకుని వరుసలో నిలబడ్డ ఏ ముసలాయననో ఆ ఊరి పేరు చెప్పి కదిలించి చూడండి. 'మన రాములు ఊరే గదా' అంటే ఆశ్చర్యపోకండి.

మిద్దె రాములు ఒగ్గు కథ చెప్పేవారు. 2010 నవంబరులో కన్నుమూశారు. ఆయన పోయిన ఆరేళ్లకు కరీంనగర్ జిల్లా ముక్కలైంది, హన్మాజీపేట రాజన్న సిరిసిల్ల జిల్లా కిందికి వెళ్లింది. ఒగ్గు కథ మాటొస్తే మాత్రం జనం ఇంకా పాత హద్దులే పట్టుకుని ఉన్నారు. కరీంనగర్ వైపు రాములు, వరంగల్ వైపు సత్తయ్య. సత్తయ్య అంటే చుక్క సత్తయ్య, ఇప్పటి జనగామ జిల్లా మాణిక్యాపురం ఆయన ఊరు. ఇద్దరిలో ఎవరు గట్టివాళ్లన్నది కల్లు మండువల కాడ ఒక పట్టాన తెగే పంచాయితీ కాదు. నేను కరీంనగర్ వాణ్ణి, కాబట్టి నా తీర్పు నమ్మకండి.

ఒగ్గు అంటే డమరుకం, శివుడి చేతిలోది. జగ్గు అని కూడా అంటారు. కురుమల ఇళ్లలో బీరప్పకు, మల్లన్నకు పెళ్లి చేసే పూజారులు దాన్ని మోగిస్తారు. అందుకే వాళ్లు ఒగ్గోళ్లయ్యారు, వాళ్లు చెప్పేది ఒగ్గు కథైంది. పూజ చేసేదీ, పాట పాడేదీ, వేషం కట్టేదీ ఒక్క మనిషే. పందిరి కింద కూర్చుని పట్నం వేస్తాడు. పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడి వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ నేల మీద దేవుడికి ఇల్లు కడతాడు. పెళ్లయ్యాక ఆ పట్నాన్నే తొక్కి చెరిపేస్తారు. గంటల తరబడి వంగి వేసిన ముగ్గు కాసేపట్లో మట్టిలో కలిసిపోతుంది. అందుకు ఎవరూ బాధపడగా చూడలేదు. మళ్లీ వేయగలిగిన చేతికి చెరిగిపోతుందన్న బెంగ ఎందుకుంటుంది?

కథ కూడా అంతే. ఏ రాత్రి చెప్పింది ఆ రాత్రికే. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ అని పేర్లున్నాయి, వాటి వెనక కాగితం మీద రాసి పెట్టుకున్న పాఠం లేదు. మల్లన్న బలిజ మేడలమ్మను, గొల్ల కేతమ్మను పెళ్లాడతాడు. బీరప్పకు కామరాతితో పెళ్లవుతుంది, అక్క మహంకాళి అండగా నిలుస్తుంది. ఇంతవరకు ఎవరూ మార్చరు. ఈ గుంజలు పాతినాక వాటి మధ్య తడికె ఎట్లా అల్లుతాడన్నది ఆ రోజు పందిరిని బట్టి, కూర్చున్న జనాన్ని బట్టి, ముఖ్యంగా పక్కనున్న వంతను బట్టి ఉంటుంది.

వంత గురించి కాస్త ఆగి చెప్పాలి. పాట చివర అందుకుని సాగదీసే మనిషి అని చాలామంది అనుకుంటారు. అది అతని పనిలో పావు వంతు. మిగతాదంతా కథ చెప్పేటాయనను ఇరుకున పెట్టడమే. రాజు ఏడంతస్తుల మేడ కట్టాడని కథకుడు అంటాడు. 'ఏడా? పోయినేడు మా ఊళ్లె చెప్పినప్పుడు అయిదే అంటివి' అని వంత అడ్డం పడతాడు. జనం గొల్లుమంటారు. ఆ నవ్వు ఆగేలోపు కథకుడు ఆ రెండంతస్తులకు లెక్క చెప్పాలి. 'పోయినేడు పంట లేకపాయె, ఈయేడు వానలు మంచిగ పడ్డయి, ఇంకో రెండు లేపిండు' అన్నాడంటే గట్టెక్కినట్టు. తడుముకున్నాడా, ఆ రాత్రి కథ నడక తప్పినట్టే. వెనక డోలు కొట్టేటాయనది మరో కాపలా. ఒక పక్క పుల్ల, మరో పక్క అరచెయ్యి. మాటకు, పాటకు నడుమ ఊపిరి తీసుకునేంత ఖాళీ దొరికినా అందులో నాలుగు దెబ్బలు కూర్చేస్తాడు. ఆ దెబ్బలు కొన్నిసార్లు 'కానీయ్' అంటాయి, కొన్నిసార్లు 'ఇగ చాలు' అంటాయి. కథకుడికి ఆ భాష తెలుసు.

వేషానికి పెద్ద సామాను అక్కర్లేదు. పంచె, లాల్చీ, కాళ్లకు గజ్జెలు, భుజం మీద శాలువా. శాలువా నెత్తిన కప్పుకుంటే మేడలమ్మ, తీసి నడుముకు బిగిస్తే మల్లన్న. డోలు పుల్ల కత్తి అవుతుంది. మడిచిన గొంగడి పసిపిల్ల అవుతుంది. ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి తలపాగా అడిగి తీసుకుని వాడుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆయన అది తిరిగి అడగడానికి సందు దొరక్క తెల్లారేదాకా బోడి తలతో కూర్చుంటాడు.

నాకు తొమ్మిదో పదో ఏళ్లు. మానేరు ఒడ్డున ఉండేది మా ఊరు. మా వెనక వాడలో ఒక కురుమోళ్ల ఇంట్లో పట్నాలు. నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని, ఈత చాప చంకన పెట్టుకుని వెళ్లింది. సగం రాత్రయింది. మల్లన్న కేతమ్మను ఇంటికి తెచ్చే ఘట్టం నడుస్తోంది. కథకుడికి నిద్రొచ్చిందో, ఉన్న రాత్రిలో కథ తేల్చాలనుకున్నాడో, మేడలమ్మ ఊసెత్తకుండానే ముందుకు పోబోయాడు. మా నాయనమ్మ కూర్చున్న చోటు నుంచే 'పెద్దదాన్ని అడగకనే తెచ్చిండా?' అంది. పక్కవాళ్లకు మాత్రమే వినపడేలా అనుకుని ఉంటుంది. వంత చెవిలో పడింది. 'ఆగాగు, పెద్దమ్మ అడుగుతుంది, జవాబు చెప్పు' అన్నాడు. డోలు ఆగింది.

ఆ తర్వాత అరగంటసేపు సవతుల పంచాయితీ నడిచింది. శాలువా నెత్తిన కప్పుకుని మేడలమ్మగా మారిన కథకుడు మాట్లాడింది అచ్చం మా నాయనమ్మ గొంతు. 'అడగకనే తెచ్చినవా?' అన్న ఆ ఒక్క మాటను పట్టుకుని ఆడించాడు. మెల్లగా అడిగాడు, ఏడుస్తూ అడిగాడు, రాగం తీసి అడిగాడు, చివరికి డోలు దరువు మీద ఎక్కించి వాడంతటితో అనిపించాడు. మా నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పోయేముందు ఆమె రెండు రూపాయలు కట్నం చదివిస్తే, పేరు పెట్టి పిలిచి, ఇంటి పేరు చెప్పి, మేడలమ్మ దీవెన అందించాడు. తర్వాత కొన్నేళ్లదాకా మా ఊళ్లో మల్లన్న కథంటే ఆమె కథే.

దీన్ని సంగీతం అంటారని నాకప్పుడు తెలియదు. పట్నాలు అనేవాళ్లం.

పద్నాలుగు నిమిషాల పాట

జాజ్ అన్నది నేను చాలా ఆలస్యంగా విన్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక మిత్రుడి గదిలో జాన్ కోల్‌ట్రేన్ వాయించిన 'మై ఫేవరెట్ థింగ్స్' పెట్టారు. 1959లో న్యూయార్క్ నాటకశాలకు వచ్చిన 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' అనే సంగీత నాటకంలో అదొక చిన్న పాట. పిల్లలు పాడుకునేంత తేలిక వరస. 1960లో కోల్‌ట్రేన్ దాన్ని సన్న గొంతుండే సోప్రానో సాక్సఫోన్ మీదికి తీసుకుని దాదాపు 14 నిమిషాలు వాయించాడు. వరస ఒకసారి సాఫీగా వినిపిస్తాడు. తర్వాత దాన్ని వదిలి ఎక్కడెక్కడో తిరుగుతాడు. దారి తప్పాడని మనం అనుకునే వేళకు ఆ నాలుగు స్వరాలు మళ్లీ పలుకుతాయి. పియానో మీద మెకాయ్ టైనర్ అదే మాటను తిప్పి తిప్పి అంటూనే ఉంటాడు. వెనక ఎల్విన్ జోన్స్ డ్రమ్ములు. నాలుగైదు నిమిషాలయ్యేసరికి మా మానేరు ఒడ్డు పందిరి గుర్తొచ్చింది. ఈ పియానో ఆయన వంత. ఆ డ్రమ్ములాయన 'కానీయ్' అంటున్నాడు.

ఈ పోలిక విని నవ్వే సంగీతజ్ఞులున్నారని తెలుసు. స్వరాల లెక్కలో రెంటికీ చుట్టరికం లేదు, నేనూ ఒప్పుకుంటాను. చుట్టరికం మరోచోట ఉంది. కోల్‌ట్రేన్ అమ్మ తండ్రి ఉత్తర కరోలినాలో నల్లవాళ్ల చర్చిలో బోధకుడు. ఒకడు పలకడం, అందరూ బదులివ్వడం ఆ చర్చి పాటల పద్ధతి. జాజ్ పెరిగిన న్యూ ఆర్లియన్స్‌లో శవయాత్రకూ బ్యాండు ఉంటుంది. పోయేటప్పుడు నెమ్మదిగా, సాగనంపి తిరిగొచ్చేటప్పుడు హుషారుగా వాయిస్తారు, వెనక వీధి మొత్తం ఆడుతుంది. తెలంగాణలో డప్పుతో, బ్యాండుతో ముసలివాళ్లను సాగనంపడం చూసినవాడికి ఇదేం వింత? 1901లో ఆ ఊళ్లోనే పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కుర్రతనంలో అలాంటి ఊరేగింపుల్లో బూర ఊదినవాడే. పెద్ద పేరు రాకముందు జాజ్ వాయిద్యకారుడంటే పెళ్లికీ చావుకీ పిలిస్తే వచ్చే వాడకట్టు మనిషి.

ఇంకో సంగతి నాకు అంతకంటే ముఖ్యమనిపిస్తుంది. కోల్‌ట్రేన్ ఆ పాటను 14 నిమిషాలు లాగగలిగాడంటే, కూర్చున్నవాళ్లకు అసలు పాట ఎంతో తెలుసు గనుక. తెలిసిన వరస ఎక్కడ వంగిందో, ఎక్కడ తెగి మళ్లీ అతికిందో వాళ్లకు పట్టుబడుతుంది. కొత్తగా వినేవాడికి అన్నీ కొత్తే, అందులో మార్పేమిటో వాడికెలా తెలుస్తుంది? మా నాయనమ్మకు మల్లన్న కథ ముందే తెలుసు. అందుకే కథకుడు ఎగరేసి వెళ్లిన మెట్టును పట్టుకుంది. కథ తెలియని పట్నం పిల్లల ముందైతే అతను ఆ రాత్రి మేడలమ్మను మర్చిపోయి నిశ్చింతగా ఇంటికి పోయేవాడు. నష్టపోయేది అతనే.

హన్మాజీపేట ఇద్దరిని కన్నదంటే నాకు అందుకే వింత అనిపించదు. చిన్నప్పుడు హరికథలు, జానపదాలు, జంగం కథలు తనను ఎలా లాగాయో సినారె చెప్పుకున్నారు. పెద్దయ్యాక ఆయన చేసిన పరిశోధన పేరు 'ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు'. ఆ చివరి రెండు మాటలూ ఒగ్గు కథకూ సరిపోతాయి. గుంజలు సంప్రదాయం, తడికె ప్రయోగం. విని పెరిగిన ఇద్దరిలో ఒకరు కలం పట్టారు, ఒకరు ఒగ్గు పట్టారు. విన్న ఊరు మాత్రం ఒకటే.

సూది మొన మీద

రాములు ప్రదర్శన చూసినవాళ్లు చాలాచోట్ల ముందు చెప్పేది సూది సంగతి. నెత్తిన బోనం. బోనం మీద వెలుగుతున్న దీపం. కాళ్లకు గజ్జెలు. డోలు దరువుకు ఆడుతూ ఆడుతూ, బోనం కదలకుండా, దీపం కొండెక్కకుండా వంగి, నేల మీదున్న సూదిని కంటిరెప్పలతో అందుకుని లేచేవారు. మెడ, నడుము, మోకాళ్లు ఒకదాని మాట ఒకటి వింటేనే జరిగే పని. చూస్తున్నవాళ్లు ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవారు.

1990లో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగినప్పుడు రాములు అక్కడా కథ చెప్పి వచ్చారు. మారిషస్ తెలుగువాళ్లది చిత్రమైన కథ. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి ఓడలెక్కి వెళ్లినవాళ్ల సంతానం వాళ్లు. కోరంగి రేవు పేరు మీద వాళ్లను కోరంగీలనే పిలిచేవారు. ఇళ్లలో క్రియోల్ మాట్లాడుకున్నా అమ్మోరు పండుగ, రామభజన, సింహాద్రి అప్పన్న పేరు వదల్లేదు. ఆ దీవిలో బానిసలుగా వచ్చిన ఆఫ్రికావాళ్లు పుట్టించిన సెగా అనే పాట ఉంది. రవాన్ అనే మేక తోలు వాయిద్యం చుట్టూ ఒకరు మాట కట్టి అంటుంటే మిగతావాళ్లు అందుకుంటారు. వేములవాడ పక్కపల్లె డోలు, సెగా పుట్టిన దీవిలో మోగిందన్న ఊహే నాకు ముచ్చటగా ఉంటుంది.

పరాయి నేల మీద, భాష సగమే అందే జనం ముందు, బోనం, దీపం, సూది చాలు. అర్థం చెప్పక్కర్లేదు. అందుకే వేదికలు ఎక్కేకొద్దీ సూది వెలిగింది, వంత చిక్కిపోయాడు. ఒక్క రాములుకే పట్టిన గతి కాదిది. ఢిల్లీ అయినా రవీంద్రభారతి అయినా కార్యక్రమాల పట్టికలో ఒగ్గు కథకు దొరికేది కొన్ని నిమిషాలు. తర్వాత పేరిణి ఉంటుంది, ఆ తర్వాత కోలాటం. ఆ కొన్ని నిమిషాల్లో కథకుడు మేడలమ్మను తేవాలా, కేతమ్మను తేవాలా? ఎవర్నీ తేడు. గణపతి స్తోత్రం, నాలుగు దరువులు, ఒక విన్యాసం, నమస్కారం. చప్పట్లు బాగానే పడతాయి. రాములు సూది తీయడం లోకమంతా చూసింది. వంత వేసిన ముడిని ఆయన మాటతో విప్పడం వేములవాడ చుట్టుపక్కల ఊళ్లు విన్నాయి. నన్నడిగితే ఆయన కళ ఉన్నది ఆ రెండోదానిలో.

బతుకుదెరువు మాటకొస్తే, ఒగ్గు కథ ఏడాది పొడవునా కూడు పెట్టే పనిగా ఎన్నడూ లేదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా గిరాకీ. కొమురవెల్లి జాతర, ఓదెల మల్లన్న దగ్గర పట్నాలు, ఊళ్లలో మొక్కులు, పెళ్లిళ్లు. మాట్లాడుకున్న డబ్బు కొంత, బియ్యం కొంత, కథ మధ్యలో చదివించే కట్నాలు కొంత. వానలు పడ్డాయంటే డోలు దూలానికి ఎక్కుతుంది, మనిషి గొర్ల వెంటో నాగలి వెంటో పోతాడు. 1980ల తర్వాత క్యాసెట్లు వచ్చి ఒగ్గు కథ టీ కొట్టుకూ, ట్రాక్టరుకూ చేరింది. పేరు పెరిగింది, ఊళ్లో పిలుపులు మాత్రం కొంత తగ్గాయి. క్యాసెట్లో కథ ఎప్పుడు వేసినా ఒకేలా ఉంటుంది మరి. దానికి ఎవరూ అడ్డం పడలేరు.

తెలంగాణ వచ్చాక డోలుకు మంచి రోజులొచ్చాయి, ఇది కాదనలేం. బోనాల ఊరేగింపులో, జూన్ 2 వేడుకలో, నాయకుడి స్వాగతంలో వరసకట్టి వచ్చే ఒగ్గు డోలు బృందాలు చూడముచ్చటగా ఉంటాయి. కుర్రాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి డోలు కొడతారు. కాలేజీలో చదువుకునే పిల్లవాడు సిగ్గుపడకుండా డోలు మెడకేసుకోవడం మా తరంలో ఊహకందేది కాదు. నాకున్న గులగుల ఒక్కటే. ఆ ముప్పై డోళ్ల ముందు కథ చెప్పేటాయన కనపడడు. దరువు మిగిలింది, అది ఎవరి మాటకు దరువో ఆ మనిషి పక్కకు జరిగాడు.

గోదావరి అవతల

గోదావరి దాటి మంచిర్యాల, లక్సెట్టిపేట మీదుగా ఉట్నూరు వైపు ఎక్కితే చెట్లు మారతాయి, భాష మారుతుంది, వాయిద్యం మారుతుంది. ఇక్కడ కథ చెప్పేది పర్ధాన్లు. గోండుల కుల చరిత్రలు, దేవతల పుట్టుకలు వాళ్ల నోటనే ఉంటాయి. చేతిలో కీక్రి. మూడు తీగల చిన్న ఫిడేలు లాంటిది, గుర్రపు వెంట్రుకల కమానుతో వాయిస్తారు. వాళ్లకు తోడు తోటీలు అనే చిన్న తెగ కూడా ఇదే పని చేస్తుంది. దండారి, గుస్సాడీ ఆటలకు పెప్రె, డోలు. పెప్రె సన్నాయికి చిన్న తమ్ముడు అనుకోవచ్చు. అంత చిన్న గొట్టంలోంచి కొండ అవతలకు వినపడే గొంతు ఎలా వస్తుందో నాకైతే అంతుపట్టలేదు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల ఆగ్రహానికి కారణమేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1948లో అచ్చయిన 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్'లో పర్ధాన్ల గురించి చాలా రాశాడు. నన్ను ఆపేసిన విషయం ఒకటుంది అందులో. ఆదిలాబాద్ పర్ధాన్లు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ, కథ చెప్పేది గోండిలో. అంటే వినేవాడి భాషను తన పనిముట్టుగా చేసుకుని తరతరాలు కాపాడాడు కథకుడు. వినేవాడూ ఊరికే లేడు. ఏ గోండు ఇంటికి ఏ పర్ధాన్ అన్నది తండ్రుల నాటి కట్టుబాటు. పెళ్లికి, కులదైవం పెర్సపేన్ పూజకు అతను రావాలి, వస్తే ఇవ్వాలి. టికెట్టు కొన్న సంబంధమైతే ఆట అయిపోగానే తెగుతుంది. ఇది పుట్టుకతో వచ్చి చావుదాకా ఉండే సంబంధం.

కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశంవాళ్లు గోదావరి హస్తినమడుగు నుంచి నడిచి గంగాజలం తెస్తారు. దారి పొడవునా, మర్రిచెట్ల కింద విడిది చేసినప్పుడూ వాయిద్యాలు వాళ్ల వెంటే ఉంటాయి. జాతరకు వచ్చే మంత్రులూ అధికారులూ దర్బారు రోజున వస్తారు, ఫొటోలు పడతాయి. కథ వినాలనుకున్నవాడు అంతకుముందు రాత్రులు చలికి గొంగడి కప్పుకుని కూర్చోవాలి.

మార్లవాయికే చెందిన గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన పోయారు. నెమలీకల టోపీ పెట్టుకుని ఆయన వేసిన అడుగు దేశం చూసింది, చూడాల్సిందే. ఆ అడుగు పడింది ఎవరి పెప్రె మీద? పత్రికల్లో ఆ పేరు నేను వెతికి విసిగిపోయాను. వంతలకు, పెప్రెలకు, డోళ్లకు పేర్లు రాసే అలవాటు మా వృత్తికి ఇంకా అబ్బలేదు. కోల్‌ట్రేన్ రికార్డు అట్ట మీద మెకాయ్ టైనర్ పేరుంటుంది, ఎల్విన్ జోన్స్ పేరుంటుంది. అందుకే ఇంత దూరాన ఉన్న నేను వాళ్లను పేరుపెట్టి చెప్పగలిగాను. మా నాయనమ్మ మాటను పట్టిచ్చిన ఆ వంత పేరు నాకు తెలియదు. అడగాలని అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఆదిలాబాద్ పట్టణంలో మరోరకం మనిషి ఒకరుండేవారు. డాక్టర్ సామల సదాశివ. 1928లో కాగజ్‌నగర్ ప్రాంతంలో పుట్టి, బడిపంతులుగా బతికి, 2012 ఆగస్టులో ఆదిలాబాద్‌లోనే వెళ్లిపోయారు. ఉర్దూ, పారశీకం, మరాఠీ, హిందీ అన్నీ వచ్చు. హిందుస్తానీ సంగీతం మీద తెలుగులో 'మలయమారుతాలు', 'సంగీత శిఖరాలు', 'స్వరలయలు' రాశారు. చివరిదానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఘరానాల ఊళ్లకు ఎంతో దూరాన, అడవి జిల్లా పట్టణంలో కూర్చుని ఆయన చేసింది వినడం. విన్నది యాది పెట్టుకోవడం. యాది పెట్టుకున్నది పక్కవాడికి చెప్పడం. 'యాది' అని ఆయన పుస్తకమే ఒకటుంది. ఏ ఉస్తాద్ ఎక్కడ గమకం తిప్పాడో చెబుతూనే ఆయన ఎవరింటి అన్నం తిని పాడాడో, ఎవరి మాటకు అలిగాడో కూడా చెబుతారు. చదువుతుంటే అరుగు మీద మన పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది.

ఖయాల్ పాడేవాడికీ ఒగ్గు కథ చెప్పేవాడికీ కావలసింది ఒకటే, సరైన చోట 'ఆహా' అనే మనిషి. తప్పుడు చోట 'ఆహా' అంటే పాడేవాడికి ప్రాణం పోయినంత పని. మహఫిల్‌లో ఆ మనిషికి 'రసికుడు' అని మర్యాదైన పేరుంది. పందిట్లో అతనికి పేరు లేదు, ఈత చాప ఉంది. సదాశివ రసికుడి పనికి పుస్తకమంత విలువ తెచ్చారు. మా వైపు ఒగ్గు కథకు అలాంటి వినికిడి రాసిపెట్టిన సదాశివ ఇంకా దొరకలేదు. మిద్దె రాములు చెప్పిన కథలు దొరుకుతాయి. ఫలానా ఊళ్లో ఫలానా రాత్రి ఆయనను ఎవరు ఏమని అడ్డుకున్నారు, ఆయన ఏమని గట్టెక్కారు, అవి దొరకవు. విన్నవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు.

ఈ వ్యాసం కోసం తిరుగుతూ కరీంనగర్ నుంచి మంచిర్యాల బస్సెక్కాను. సుల్తానాబాద్ దాటాక నా ముందు సీట్లో ఒక ముసలాయన, తెల్ల రుమాలు తలకు చుట్టుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు. ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకున్నాను. 'ఊఁ' అంటున్నాడు. కాసేపాగి 'అవ్ మల్ల' అంటున్నాడు. మరి కాసేపటికి 'అటెన్క?' అన్నాడు. అవతలివాళ్లు చెప్పే సంగతి పెద్దదే అనుకుని ముందుకు వంగితే డోలు వినిపించింది. ఎల్లమ్మ కథ. గొంతు రాములుది.

పెద్దపల్లిలో కండక్టర్ వచ్చి టికెట్ అడిగాడు. ముసలాయన ఫోన్ కిందికి దించి, బొటనవేలితో తెర మీద నొక్కి, 'జర ఆగు' అన్నాడు. కండక్టర్ తనతోనే అన్నాడనుకుని ఆగాడు. ముసలాయన జేబులోంచి డబ్బు తీసి ఇచ్చి, చిల్లర లెక్క చూసుకుని, మళ్లీ వేలితో నొక్కి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

'ఆఁ, ఇగ చెప్పు' అన్నాడు.